ఏ చేత్తోని రాస్తవు?

మా నాన్న బాపు దినాలు అయిపోయిన మరునాడు ఒక కుర్ర విలేకరి మోటారు సైకిల్ వేసుకుని నిజామాబాద్‌లోని మా ఇంటికి వచ్చాడు. పేరు మహేశ్. మనిషి మంచివాడే కాని తొందర ఎక్కువ. గడపలోనే నిలబడి, ఒక కన్ను సెల్‌ఫోను మీద పెట్టి అడిగాడు. "మేడం, సారు పాత విలేకరి గద, యాది చేసుకున్నట్టు చిన్న ఐటం వేద్దమనుకుంటున్నం. మీరు కథలు గూడ రాస్తరంట. మీరే ఒక ముక్క రాసియ్యిండ్రి, ఫొటో పెట్టి వేస్త." వెతికి ఒక ఫొటో ఇచ్చాను. అందులో బాపు కుర్చీలో కూర్చుని, కుడి చేతిని కండువా కింద దాచుకుని ఉన్నాడు. ఫొటో తీస్తామంటే చాలు, ఆ చెయ్యి దానంతట అదే కండువా కిందికి పోయేది. "సారు చెయ్యికి ఏమైంది మేడం?" అన్నాడు మహేశ్. లోపలి గదిలో అవ్వ ఆ ఉదయమే మళ్ళీ బీడీల చాట ముందేసుకుంది. నన్ను కన్న తల్లి, ఏ దుఃఖం వచ్చినా చేతులకు పని చెప్పే మనిషి. మహేశ్ ఆ మాట అనగానే ఆమె కత్తెర చప్పుడు ఆగింది. సాయంత్రానికి రాసిస్తానని చెప్పి అతన్ని పంపించాను.

అప్పట్లో మేము బోధన్‌లో ఉండేవాళ్లం. అవ్వ, బాపు, నేను, రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తడిపిన తునికాకు, తంబాకు ఘాటు. వెనక గదిలో పేపర్ కట్టల మక్కిన వాసన. చక్కెర ఫ్యాక్టరీ నడిచే సీజన్ మొదలైతే ఈ రెండు వాసనల మీదికి పులిసిన మొలాసిస్ కంపు వచ్చి కూర్చునేది. పొగ గొట్టంలోంచి నల్లటి బుగ్గి రాలి, ఆరేసిన బట్టల మీద, ఆరబెట్టిన పప్పు మీద పడేది. అవ్వ దాన్ని ఊదుకుంటూ బీడీలు చుట్టేది. బాపు పక్కన కూర్చుని పేపర్ చదివి వినిపించేవాడు. అవ్వకు చదువు రాదు. కాని ఏది పేజీ అడ్డంగా పరుచుకునే బ్యానరో, ఏది మూలన ఒదిగే సింగిల్ కాలమో, బాక్సు కట్టిన వార్త ఎందుకు బాక్సు కట్టారో ఆమెకు తెలుసు. పక్కింటి మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటుంటే గోడకు చెవి పెట్టి, "గిది సింగిల్ కాలమే, తెల్లారేసరికి సల్లబడ్తరు" అని తేల్చేది. మేనత్త వచ్చి ఆస్తి గొడవ ఎత్తినప్పుడు మాత్రం "బ్యానర్ వచ్చింది, చాయ్ పెట్టు" అని నా వైపు కన్ను గీటింది.

బాపు పేరు పోశెట్టి, ఒక తెలుగు దినపత్రికకు బోధన్ విలేకరి. మహారాష్ట్ర సరిహద్దు దాకా ఎవరు ఎవరిని కొట్టినా, పొడిచినా రాయాల్సింది ఆయనే. సీజన్‌లో కొట్లాటలకు లోటు ఉండేది కాదు. తూకం కాడ చెరుకు బండ్ల వరుస తప్పిందని ఒకడు ఇంకొకడి చెవి తెగ్గొట్టేవాడు. సమ్మె జరిగితే లాఠీలు విరిగేవి. కాలువలో శవం కొట్టుకొస్తే ముందు పోలీసులకు, తర్వాత మా ఇంటికి కబురు వచ్చేది. ఆడపిల్ల వింటుందని గొంతు తగ్గించే అలవాటు మా ఇంట్లో లేదు. మృతి, దుర్మరణం, ఉద్రిక్తత, స్వల్ప గాయాలు, గుర్తు తెలియని వ్యక్తులు. నా ఈడు పిల్లలు పాటలు నేర్చుకునే వయసులో నేను నేర్చుకున్న మాటలివి. ప్రతి మాటకూ బాపు దగ్గర ఒక కొలత ఉండేది. పోలీసులో డాక్టరో చెప్పేదాకా హత్య అని రాయకూడదు, అనుమానాస్పద మృతి అనాలి. ఒకసారి ఎడపల్లి దిక్కు ఒక రైతు నెత్తిలో గొడ్డలి దిగి చచ్చిపోతే కూడా ఆయన అలాగే రాశాడు. "నెత్తిల గొడ్డలి ఉన్నంక ఇగ అనుమానమేందయ్యా?" అని అవ్వ నవ్వితే, "నీకు లేదు, నాకు లేదు. గని పేపరుకు ఉండాలె" అన్నాడు. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

వార్త ఎలా రాయాలో కూడా నాకు అక్కడే వచ్చింది. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. వీటిలో ముఖ్యమైనవన్నీ మొదటి పేరాలోనే పడాలి, దాన్ని లీడ్ అంటారు. మిగతావి ప్రాముఖ్యాన్ని బట్టి కిందికి దిగాలి. ఎందుకంటే నగరంలో పేపర్ ఆఫీసులో డెస్క్ అని ఒకటి ఉంటుంది. విలేకరి పంపింది దిద్దేదీ, జాగా చాలకపోతే కోసేదీ వాళ్లే. కోసేటప్పుడు కింది నుంచి కోస్తారు. చెరుకు గడ లెక్క అనేవాడు బాపు. తీపంతా మొదట్లో ఉంటుంది, కొసకు పోయే కొద్దీ చప్పన. కొస నరికి పారేసినా గడకు నష్టం లేదు. ఇంకో కొలత కూడా ఉండేది, అన్నిటికంటే పెద్దది. ఒకరి మీద మాట పడే వార్తలో ఆ ఒకరి మాట కూడా ఉండాలి. వివరణ లేని వార్త ఆయన చేతి నుంచి పోయేది కాదు. వాళ్లు బూతులు తిట్టినా సరే, "వివరణ కోరగా నిరాకరించారు" అని పెట్టడానికైనా వాళ్ల గడప తొక్కి వచ్చేవాడు.

ఆ ఏడు సీజన్‌లో చెరుకు కొట్టడానికి నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన కూలీల్లో ఒకడు పారిపోబోయాడు. అడ్వాన్సు తీరకముందే పోతున్నాడని చెరుకు రవాణా కాంట్రాక్టర్ గంగాధర్ సేట్ మనుషులు అతన్ని పట్టుకుని, ట్రాక్టర్ ట్రాలీ చక్రానికి కట్టేసి, చెరుకు గడలతో కొట్టారు. గడలు పిప్పి అయ్యేదాకా కొట్టారు. పెళ్లాం కాళ్ల మీద పడి మరాఠీలో మొత్తుకుంటుంటే ఆమెను కూడా కొట్టారు. బాపు అతన్ని గుడిసెలో చూసి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని కలపకుండానే లేచాడు. "వీపు మీద జాగ లేదు" అన్నాడు, అంతే. మరునాడు పద్ధతి ప్రకారం సేట్ దగ్గరికి పోయి వివరణ అడిగాడు. అటువంటిదేమీ జరగలేదని సేట్ అన్నాడు. ఆ మాట కూడా కలిపి రాశాడు. వార్త జిల్లా పేజీలో బాక్సు కట్టి వచ్చింది.

అది వచ్చిన కొద్ది రోజులకు, కాలేజీ నుంచి ఇంటికి వస్తూ బస్టాండ్ మీదుగా నడుస్తున్నాను. ఎర్రటి ఎండ. ఆ రోజుల్లో వార్తలను కవర్‌లో పెట్టి నిజామాబాద్ బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చేవాళ్లు, అక్కడ బస్టాండ్‌లో పేపర్ మనిషి తీసుకునేవాడు. బాపు కవర్ ఇచ్చి తిరిగి వస్తుండగా ఒక ట్రాక్టర్ అడ్డంగా ఆగింది. దిగిన వాళ్లలో ఒకడు బాపు అంగీ కాలర్ పట్టి సిమెంటు బెంచీ మీదికి గుంజాడు. ముఖం మీద గుద్దారు. అద్దాలు పగిలి కింద పడ్డాయి. ఇంకొకడు ఆయన వెంట్రుకలు పట్టి తల పైకెత్తి అడిగాడు.

"ఏ చేత్తోని రాస్తవుర?"

బాపు మూతి నిండా రక్తం. అయినా జవాబు చెప్పాడు.

"కుడి చెయ్యి."

ఆ చేతిని బెంచీ అంచు మీద చాపి, ట్రాక్టర్ జాకీ రాడ్డుతో కొట్టారు. ఒక్క దెబ్బతో ఆపలేదు. ఎముక చప్పుడు నేను విన్నాను, ఎండిన తునికాకు నలిగినట్టు. బాపు అరిచిన అరుపు మనిషిది కాదు. నేను పుస్తకాలు పారేసి ఉరికి, ఒకడి వీపు మీద పడి మెడ కొరికాను. వాడు నన్ను మోచేత్తో కొడితే పళ్ల మీద తగిలి కింద పడ్డాను. బస్టాండ్ నిండా జనం ఉన్నారు. పల్లీలు అమ్మేవాళ్లు, కండక్టర్లు, పెండ్లికి పోయే ఆడవాళ్లు. ఒక్కరు కూడా కదలలేదు. వాళ్ల మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా నేను కోరుకోవడం లేదు.

బోధన్ సర్కారు ఆసుపత్రిలో బాపు చేతికి మోచేయి పైదాకా కట్టు వేశారు. అవ్వ మంచం పక్కన నిలబడి ఏడవలేదు, తిట్టింది. "ఎడమ చెయ్యి అని చెప్పకపోతివి? ఆనికేం ఎరుక? ఎడమ చెయ్యి అంటే నీ నోరు పడిపోతుండెనా?" బాపు ఉబ్బిన పెదవులతో, "అడిగిండ్రు, చెప్పిన" అన్నాడు. తప్పు చేసిన పిల్లవాడి ముఖం పెట్టాడు కాని, అది తప్పని ఆయనకు నిజంగా తెలియలేదు. అబద్ధం చెప్పాలన్న ఆలోచనే రాలేదు ఆయనకు. తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డా, కాయితం తీయి. బోధన్‌ల మన పేపరుకు నేను తప్ప ఎవలున్నరు? రాయాలె" అన్నాడు.

తన మీద జరిగిన దాడి వార్తను ఆయనే చెప్పాడు, నేను రాశాను. ముందు డేట్‌లైన్, అంటే వార్త పుట్టిన ఊరు, బోధన్. "దుర్మార్గంగా దాడి చేశారు" అని నేను రాస్తే, "దుర్మార్గంగ అని ఎవలు చెప్పిండ్రు? కొట్టెయ్" అన్నాడు. గంగాధర్ సేట్ మనుషులు కొట్టారు అని రాస్తే, "కొట్టారని ఆరోపణ" అని మార్పించాడు. "ఆరోపణ ఏంది బాపూ, నా కండ్లతోని చూసిన గద" అన్నాను. "నువ్వు నా బిడ్డవు. నీ కండ్లు లెక్కకు రావు" అన్నాడు. మొదటి పేరా అయ్యాక ఆగిపోయాడు. "సేట్ వివరణ ఏది?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా మంట లేచింది. తన చెయ్యి విరగ్గొట్టించిన వాడి ఇంటికి పోయి, నువ్వేమంటావని అడిగి రమ్మంటున్నాడు. నేను పోనన్నాను. "మరి వార్త పోదు. కవర్ చించెయ్" అని కళ్లు మూసుకున్నాడు. వార్త పోకపోతే బోధన్‌లో ఏమీ జరగనట్టే. అవ్వ చెప్పులు వేసుకుంది. "నడువు. నేనస్త" అంది.

సేట్ వరండాలో కుర్చీ వేసుకుని చెరుకు ముక్కలు నములుతున్నాడు. తెల్ల బట్టలు, తలకు నూనె. చుట్టూ ఆ ట్రాక్టర్ మనుషులే. నేను మెడ కొరికిన వాడు నన్ను చూసి మెడ తడుముకుని నవ్వాడు. నేను కాగితం తీసి అడిగాను. "మా బాపును మీ మనుషులు కొట్టిండ్రని రాస్తున్నం. మీ వివరణ కావాలె." సేట్ పిప్పి ఉమ్మి, నన్ను కిందికీ పైకీ చూశాడు. "వివరణనా? రాసుకో. పోశెట్టి సైకిల్ మీదికెళ్లి పడ్డడు. పాపం." వాళ్లంతా నవ్వారు. తర్వాత అవ్వతో అన్నాడు. "ఎడమ చెయ్యి ఉన్నది గదనే. సంసారానికి గంత చాలు."

అవ్వ చెయ్యి కొంగులోకి పోవడం నేను చూశాను. బయటికి వచ్చింది బీడీ ఆకు కోసే కత్తెర. ఇంటి నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి ఇక్కడికీ వచ్చే మధ్యలో దాన్ని ఎప్పుడు నడుముకు దోపుకుందో నాకు తెలియదు. ఆమె ముందుకు దూకింది. కత్తెర మొన సేట్ గొంతుకు సూటిగా పోతోంది, అతని ముఖంలో నవ్వు ఇంకా మిగిలే ఉంది. నేను అడ్డం పోయి కత్తెరను అరచేత్తో పట్టుకున్నాను. అది అరచేతిలో దిగింది. చేతిలోని వార్త కాగితం మీద రక్తం కారింది. సేట్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. వాళ్లు తేరుకుని కదిలే లోపల అవ్వను గుంజుకుని రోడ్డు మీదికి ఉరికాను. "ఎందుకు పట్టినవే? ఎందుకు పట్టినవే?" అని దారి పొడుగునా నన్ను కొట్టింది. అవ్వ జైలుకు పోవద్దని పట్టాను. ఆ రోజు ఆమెను ఆపకపోతే బాగుండేదని కూడా చాలాసార్లు అనుకున్నాను. రెండూ నిజమే.

తిరిగి ఆసుపత్రికి పోయి వార్త పూర్తి చేశాను. సేట్ మాటను అట్టడుగున పెడదామన్నాను. డెస్క్ కోస్తే ఆ అబద్ధమే తెగిపోతుందని నా లెక్క. బాపు నా వైపు చూసిన చూపులో ఆ లెక్క ఆయనకు తెలిసిపోయిందని అర్థమైంది. "రెండో పేరాల పెట్టు" అన్నాడు. మూడో పేరాలో చెరుకు కూలీ సంగతి. నాలుగో పేరాలో, అన్నిటికంటే కింద, ఏ చేత్తో రాస్తావని అడిగి చెయ్యి విరగ్గొట్టిన సంగతి. "పేపరుకు రాసేటోని నొప్పి కొసకే ఉండాలె" అన్నాడు. కట్టు కట్టిన అరచేత్తో, నెత్తురు మరక లేని కొత్త కాగితం మీద మళ్ళీ రాసి బస్సుకు ఇచ్చాను.

మరునాడు పేపర్ వచ్చింది. సింగిల్ కాలమ్. విలేకరిపై దాడి జరిగినట్లు ఆరోపణ. ఆ కింద, ఆయన సైకిల్ మీది నుంచి పడ్డారని కాంట్రాక్టర్ వివరణ. అక్కడితో సరి. అవ్వ చదవమంటే చదివాను. ఇంకా ఉంటుందని ఆమె నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది. "చెయ్యి ముచ్చట?" అంది. "కోసిండ్రు" అన్నాను. "మరి ఆని ముచ్చట?" "ఉన్నది." బాపు కళ్లు మూసుకుని పడుకున్నాడు, నిద్రపోలేదు. సాక్షులు ఎవరూ రాలేదు కాబట్టి కేసు కూడా నిలవలేదు. ఊరంతటికీ సైకిలే గుర్తుండిపోయింది. పెండ్లిళ్లలో, పేరంటాల్లో "మీ ఆయనకు సైకిల్ చక్కగ రాదానే?" అని అడిగేవాళ్లు. బాపు పలక ముందేసుకుని ఎడమ చేత్తో అ, ఆ నుంచి మళ్ళీ దిద్దుకున్నాడు. వంకర టింకర అక్షరాలతో ఏళ్ల తరబడి వార్తలు పంపాడు. అవ్వ మాత్రం ఆ రోజు నుంచి పేపర్ చదివించుకోలేదు. బాపు చదవబోతే లేచి బావి దగ్గరికి పోయేది. వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ కొద్దిపాటి సరసం అలా పోయింది, నాకు చెయ్యి కంటే అదే ఎక్కువ నష్టం అనిపిస్తుంది.

మహేశ్‌కు రాసివ్వడానికి కూర్చున్నప్పుడు ఇదంతా ఒక్కసారి మీద పడింది. ఈసారి లీడ్‌లోనే పెట్టాను. ఏ చేత్తో రాస్తావని అడిగి, నిజం చెప్పినందుకు కుడి చెయ్యి పోగొట్టుకున్న విలేకరి పోశెట్టి కన్నుమూశారు, గంగాధర్ సేట్ మనుషులు కొట్టగా నేను కళ్లారా చూశాను, అని. ఆరోపణ అన్న మాట పెట్టలేదు. సాయంత్రం మహేశ్ వచ్చి నిలబడే చదివాడు. "పేరు గూడ పెట్టిండ్రా? ఉండనియ్యిండ్రి మేడం. సేట్ ముసలోడై మంచంల ఉన్నడు, ఏం జేస్తడు?" అన్నాడు. సేట్ ఏమన్నాడని అడగలేదు. అడగాలని అతనికి తట్టలేదు. నాకు సంతోషం కలగాల్సింది. కాని బాపు లోపలి గదిలోంచి "వివరణ ఏది?" అని కేక వేసినట్టు అయింది. కాగితం అతని చేతిలోంచి వెనక్కి తీసుకుని, సేట్ ఇంటి నంబర్ అడిగాను.

ఎవరో ఫోన్ ఆయన చెవికి పెట్టారు. ఆయాసం వినిపించింది. "పోశెట్టి బిడ్డను. బాపు పోయిండు. ముచ్చట రాస్తున్న. మీ వివరణ కావాలె" అన్నాను. "అప్పుడు చెప్పింది రాసుకుంటివి గద. గదే" అన్నాడు. నేను పెట్టేయబోతుంటే దగ్గుతో కలిపి నవ్వాడు. "ఎడమ చెయ్యి ఇడిసిపెట్టుడు మా తప్పు. మస్తు రాసిండు దానితోని గూడ." వెంటనే, "గిది రాయకు" అన్నాడు. రాయకు అన్న మాట రాయకూడదన్నది కూడా బాపు కొలతే. అందుకని పేపరుకు రాయలేదు. ఇది పేపర్ కాదు, నా బతుకు. ఇక్కడ రాస్తాను.

సేట్ చెప్పిన సైకిల్ మాటను రెండో పేరాలో పెట్టి ఇచ్చిన ఐటం మొత్తం వచ్చింది, ఒక్క అక్షరం కోయలేదు. పొద్దున్నే పేపర్ చూస్తుంటే అవ్వ చాట పక్కకు జరిపి, "సదువు" అంది. ఆమె నోట ఆ మాట విని ఎంత కాలమైందో. మొదటి పేరా చదివాను. రెండోదానికి పోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ మొదటిదే చదవమంది. చదివాను. "చెయ్యి ముచ్చట యాడిదాంక ఉన్నది? చూపెట్టు" అంది. గోటితో గీత గీసి చూపించాను. బీడీ కత్తెర తీసుకుని, బాపు ఫొటో నుంచి ఆ గీత దాకా తునికాకు కోసినంత నేర్పుగా కోసుకుంది. రెండు చేతులతో పట్టుకుని చూసుకుంటూ అప్పుడు ఏడ్చింది, బాపు పోయాక మొదటిసారి. సేట్ మాట ఉన్న ముక్క తునికాకు తుక్కులో పడింది. ఆమె ఊడ్చి పారేసే లోపల దాన్ని తీసి, మడిచి, నా పర్సులో పెట్టుకున్నాను. అది పారేస్తే బాపు ఊరుకోడు.